అద్దాల బీరువాలో సామి

ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు ప్రకృతి శాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరుతున్న కుర్రవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీ అనుభవంలోంచి ఏదైనా చెప్పండి అంటుంటారు. వాళ్ళకు కావలసింది విజయగాథ అని నాకు తెలుసు. అటువంటివి ప్రతివాడి వీడ్కోలు సభలోనూ చదువుతారు, అవి విని బాగుపడినవాణ్ణి నేనైతే చూడలేదు. అందుకని నేను వెలగబెట్టిన ఒక ఘనకార్యం చెబుతాను. ఇందులో ఒక కోతి, ఒక పాస్టరుగారు, ఒక ప్యూను, నేను ఉన్నాం. నలుగురిలోకీ తెలివైనవాణ్ణి నేనేనని అప్పట్లో నా నమ్మకం.

యుద్ధం రోజులు. ఐరాల దగ్గర ఒక పల్లెలో మా నాయన ఉపదేశి. అంటే పాస్టరు రాని ఆదివారాల్లో వాక్యం చెప్పి, వచ్చిన ఆదివారాల్లో ఆయన చెప్పులు ఎక్కడ విడిచారో గుర్తుపెట్టుకునే ఉద్యోగం. ఆయన పొదుపు చేసిన దానికి మిషన్ వాళ్ళ సాయం తోడై నేను మద్రాసులో బి.ఏ. చదివాను. అక్కడ నాకు రెండు అంటుకున్నాయి. ఒకటి పరిణామ వాదం. రెండోది ఒక ఫ్రెంచి తత్వవేత్త ప్రత్యక్షవాదం. కంటికి కనిపించి, కొలతకు దొరికేదే జ్ఞానం, మిగిలిందంతా ఊహ అంటాడాయన. మానవజాతి మూడు మెట్లు ఎక్కుతుందట. మొదటి మెట్టు మీద అన్నీ దేవుడే చేస్తున్నాడనుకుంటుంది. రెండో మెట్టు మీద దేవుడి బదులు పెద్ద పెద్ద మాటలు వాడుతుంది. మూడో మెట్టు మీద సైన్సు. సెలవులకు ఇంటికొచ్చి మా వాళ్ళందరినీ మెట్ల మీద నిలబెట్టి చూశాను. నాయన మొదటి మెట్టు. పాస్టరుగారు రెండోది. మూడో మెట్టు మీద చూస్తే నేనొక్కణ్ణే ఉన్నాను, చోటు చాలా ఖాళీగా ఉంది.

అయితే మూడో మెట్టు మీద జీతం ఇచ్చేవాళ్ళు లేరు. తిరుపతిలో ఒక మిషన్ హైస్కూల్లో తాత్కాలికంగా సైన్సు మాస్టరు పని దొరికింది. సంఘానికి పాస్టరూ, స్కూలుకు హెడ్మాస్టరూ ఒక్కరే. మేమంతా అయ్యగారు అనేవాళ్ళం. మంచివారే, కానీ సైన్సు పుస్తకాన్ని పక్కింటి కుక్కను చూసినట్టు చూసేవారు. కరుస్తుందని కాదు, ఎప్పుడు కరుస్తుందో తెలియదని. పై తరగతులకు ప్రకృతి శాస్త్రం చెప్పడానికి సర్కారు అనుమతి వస్తే నా ఉద్యోగం ఖాయం. రాకపోతే మళ్ళీ ఐరాల బస్సే. ఆ పాఠాల్లో పరిణామం ఉంది. అది మన విశ్వాసానికి అడ్డం కాదని రాసి, సంఘ కమిటీ ముందు చదివి ఒప్పిస్తే తనకేమీ అభ్యంతరం లేదన్నారు అయ్యగారు.

నలభై పేజీలు రాశాను. ఆదికాండంలోని ఆరు దినాలు ఆరు యుగాలని తేల్చాను. జీవులు ఒకదానిలోంచి ఒకటి రావడం దేవుడి పనితనమేనన్నాను. ఇక దేవుడి సంగతి మన ఇంద్రియాలకు అందనిది కాబట్టి దాన్ని గురించి మౌనంగా ఉండటమే అసలైన భక్తి అని ముగించాను. అంటే దేవుడికి ఎంత గౌరవమిచ్చానంటే, ఆయన పేరెత్తే అవసరమే లేకుండా చేశాను. చర్చి పక్క గదిలో గంటన్నర చదివాను. కమిటీలో సగం మంది కునుకు తీశారు, మిగతా సగం వాళ్ళను చూసి అసూయపడ్డారు. చివరికి మా బైబిలు స్త్రీ, అంటే ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించే పెద్దావిడ, లేచి నిలబడింది.

"తెలీక అడగతా ఉండాను నాయనా. కోతి కడుపున మనిషి పుట్టిన నాడు, బిడ్డకు ఆత్మ ఉండాది, తల్లికి లేదు. బిడ్డ పరలోకానికి పోతే వాళ్ళమ్మ యాడికి పోతాది?"

అలా ఒక్క రోజులో జరగదమ్మా, లక్షల ఏళ్ళలో కొంచెం కొంచెంగా జరుగుతుంది అన్నాను. అయితే ఆత్మ కూడా కొంచెం కొంచెంగానే వచ్చిందా అని అడిగిందామె. ఎగతాళి లేదు, నిజంగానే ఆ కోతితల్లి గురించి దిగులుపడుతోంది. నలభై పేజీలూ తిరగేశాను. ఆ తల్లి ఎక్కడా లేదు. అయ్యగారు గబగబా ప్రార్థన చేసి సభ ముగించారు. మర్నాడు నాకు అనుమతి ఇచ్చారు, ఒక షరతు మీద. కోతి పాఠం ఒక వారం, మనిషి పాఠం ఇంకో వారం చెప్పాలి. మధ్యలో ఒక ఆదివారం ఉండి తీరాలి.

ఇక కావలసింది అస్థిపంజరం. సర్కారు అనుమతి కోసం తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరుకు లాబొరేటరీలో ఏదో ఒకటి చూపించాలి. మా దగ్గర ఉన్నవి రెండు కప్పలు, ఒక తేలు, సీసాలో ఏదో పాము. యుద్ధం వల్ల మద్రాసు నుంచి ఏ సరుకూ రావడం లేదు. మనిషికి చుట్టమని చూపించడానికి కోతి కంటే మంచిది ఏముంది? తిరుపతిలో కోతులకు కరువా? బతికున్నవాటికి కరువు లేదు. కానీ అక్కడ కోతి చచ్చిపోతే వీధిలో పడి ఉండదు. పసుపు బట్ట చుట్టి, పూలు వేసి, భజన చేస్తూ తీసుకెళ్ళి పూడ్చిపెడతారు. మా సంఘంలో కొందరికి జరిగినదానికంటే ఘనంగానే జరుగుతుంది.

అంతకు ముందు వానాకాలంలో టెంకాయల అంగడి వీధిలో ఒక ముసలి కోతి చనిపోయింది. దాని ఎడమ చెయ్యి ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. రోజూ ఆ అంగడి ముందే కూర్చునేది. అంగడాయన దానికి టెంకాయ చిప్ప పెట్టనిదే బేరం మొదలుపెట్టేవాడు కాదు. దాన్ని ఊరి బయట మామిడి తోపు పక్కన పూడ్చారు. ఈ సంగతి నాకు చెప్పింది మా లాబొరేటరీ ప్యూను. ఆయనదీ ఆ వీధే. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, అయినా నన్ను ఐవోరు, అంటే పంతులుగారు, అనేవాడు. ప్రతి శనివారం వాళ్ళ వీధి భజనలో తాళాలు వాయించేవాడు. ఆ వీధిలో ఆయనకున్న గౌరవమంతా ఆ తాళాల వల్లే.

తవ్వుదామా అని అడగడానికి నాకు వారం రోజుల ధైర్యం కావలసి వచ్చింది. ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. మనిషికి, కోతికి మూలం ఒకటేనని నేను పిల్లలకు చెప్పింది కిటికీ పక్కన నిలబడి విన్నాడట.

"మా సామి మనకు తాతవుతాడంటిరి గదా ఐవోరూ. తాత మనవళ్ళకు సదువు చెప్పేదానికి ఇస్కూలుకు వస్తాడంటే నేను వద్దంటానా? ఆంజనేయసామి కంటే సదువుకున్నోడు ఎవురు?"

తాత కాదు, ఇద్దరికీ ఎక్కడో ఒక పూర్వీకుడు అని సరిదిద్దబోయాను. అయితే ఇంకా పెద్దోళ్ళ సుట్టరికమే గదా అన్నాడు. నలభై పేజీల్లో నేను తంటాలు పడి అతికించిన విశ్వాసాన్నీ సైన్సునూ ఆయన బీడీ ఆర్పే లోపల కలిపేశాడు. అది సైన్సు కాదని నాకు తెలుసు. ఆయన ఏ మెట్టు మీద ఉన్నాడో మాత్రం తెలుసుకోలేకపోయాను.

ఎండాకాలం సెలవుల్లో, పక్షి కూడా నీడ వదలని మిట్టమధ్యాహ్నం ఇద్దరం వెళ్ళి తవ్వాం. ఎముకలు గోనెసంచిలో పెట్టుకున్నాను. పసుపు బట్ట చివికినా ఇంకా బట్టలాగే ఉంది. ప్యూను దాన్ని దులిపి, నాలుగు మడతలు వేసి, మళ్ళీ గోతిలో పెట్టాడు. ఎందుకప్పా అంటే, "సామి గుడ్డ మనకెందుకు ఐవోరూ" అన్నాడు. పైన మన్ను కప్పి వచ్చేశాం.

ఎముకలు సున్నపు నీళ్ళలో నానబెట్టి, తోమి, రాగి తీగతో కూర్చడానికి నెల పట్టింది. రెండు వేలి ఎముకలు మాత్రం దొరకలేదు. మా ఇంట్లో ఆదివారం కూరలోంచి రెండు కోడి ఎముకలు తీసి, అరగదీసి పెట్టాను. ప్రత్యక్షంగా కనిపించేదే సత్యమని పిల్లలకు చెబుతూ, కోడి వేళ్ళ కోతిని అద్దాల బీరువాలో నిలబెట్టినవాణ్ణి నేను. అయ్యగారితో మద్రాసు నుంచి పార్సిల్లో వచ్చిందన్నాను. అంతకంటే ఎక్కువ తెలుసుకోవాలని ఆయన కూడా అనుకోలేదు. ప్యూను మాత్రం రోజూ పొద్దున బీరువా తుడిచి, ఎవరూ చూడకుండా అద్దం మూలన చిటికెడు కుంకుమ పెట్టేవాడు. నేను వచ్చి ఎవరూ చూడకుండా తుడిచేవాణ్ణి.

మళ్ళీ ఎండలు ముదరకముందే అసలు కథ మొదలైంది. టెంకాయల అంగడాయన ఆ కోతిని పూడ్చిన చోట చిన్న గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడు. పునాదికి తవ్వితే ఏముంది? గొయ్యి ఖాళీ. ఒక్క ఎముక లేదు. పసుపు బట్ట నాలుగు మడతలు వేసి పెట్టి ఉంది.

సాయంత్రానికి ఊరంతా పాకింది. సామి శరీరంతో సహా వెళ్ళిపోయాడు, పోతూ పోతూ బట్ట మడిచిపెట్టి పోయాడన్నారు. పోతుంటే చూశామన్నవాళ్ళు కూడా తేలారు. మర్నాటికి అక్కడ టెంకాయాకుల పందిరి లేచింది. బోర్డులు రాసే ఆయన చేత పటం వేయించి పెట్టారు, ఎడమ చెయ్యి వంకరతో సహా. ఏర్పేడు నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చారు.

అయ్యగారు నన్ను పిలిపించారు. చాలా హుషారుగా ఉన్నారు. చూశావా అబ్బా ఈ మూఢనమ్మకం, నువ్వు సైన్సు మాస్టరువి, దీన్ని ఖండిస్తూ ఒక కరపత్రం రాయి, మిషన్ ప్రెస్సులో వేయిద్దాం అన్నారు. ఎముకలు ఎక్కడున్నాయో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. నిజం చెప్పకుండా నిజాన్ని రుజువు చేయడం ఎంత సరదా పనో, ఆ రాత్రి కూర్చుని రాస్తుంటే తెలిసింది. అటువంటి సంతోషం నా నలభై పేజీల వ్యాసం కూడా ఇవ్వలేదు. మర్నాడు ఆఫీసు గదిలో గొంతు సవరించుకుని చదివాను. మొదటిది, గొయ్యి ఖాళీగా ఉందంటే ఎవరో వచ్చి ఎత్తుకుపోయారని అర్థం, పైకి పోయాడని కాదు. రెండోది, బట్ట మడిచి ఉందంటే అది మనిషి చేతి పని. మూడోది, చూశామని సాక్ష్యం చెప్పేవాళ్ళంతా ఆ చనిపోయినదాని భక్తులే, కాబట్టి వాళ్ళ మాట చెల్లదు.

మొదటిదానికి అయ్యగారు తల ఊపారు. రెండోదానికి ఊపడం ఆపారు. మూడోది పూర్తయ్యేసరికి లేచి వెళ్ళి గది తలుపు వేశారు.

"ఈ మూడూ తీసెయ్యబ్బా."

"తీసేస్తే ఇంకేమీ మిగలదయ్యగారూ."

"మిగలకపోతే మానెయ్. ఈస్టరు వస్తా ఉండాది" అని కాగితాలు తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేశారు.

బయటికొచ్చి ఒక నిమిషం నవ్వుకున్నాను. ఆయనకు చురక బాగా తగిలిందనుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ ఈస్టరు పొద్దున చర్చిలో ఆయన పక్కన నిలబడి పాడవలసినవాణ్ణి నేను కూడా. అమ్మ ఒళ్ళో కూర్చుని విన్న, మూడో రోజున యేసు లేచి వెళ్ళిన ఆ ఖాళీ సమాధి కథను, అందులో మడిచిపెట్టిన ఆ బట్టను, నేను ఎప్పుడూ కాదనుకోలేదు. నా తత్వవేత్త పుస్తకాన్ని ఒక అరలో, దాన్ని ఒక అరలో పెట్టి, రెండింటి మధ్యా తలుపు వేసుకున్నానంతే. నలభై పేజీల సమన్వయం అంటే ఆ తలుపే. టెంకాయల అంగడాయన నమ్మకానికీ నా నమ్మకానికీ తేడా ఏమిటని రెండు రోజులు వెతికాను. నాకు దొరికిన తేడా ఒక్కటే, ఆయన సామి ఎముకలు నా బీరువాలో ఉన్నాయి. నాకు భయం వేసింది. ఆ భయాన్ని ఏ మెట్టు మీద పెట్టాలో ఆ ఫ్రెంచాయన రాయలేదు.

మరుసటి వారం ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చారు. నుదుట తాజా కుంకుమ. ఉదయం రాగానే ఊళ్ళో అందరూ చెబుతున్న ఆ పందిరి దగ్గరికి వెళ్ళి దండం పెట్టుకుని వచ్చానని ఆయనే అన్నారు. అయ్యగారు దగ్గి, క్లాసుల వైపు దారి చూపించారు. క్లాసులు చూశారు, లాబొరేటరీకి వచ్చారు, కప్పలనూ తేలునూ దాటి బీరువా ముందు ఆగారు. ప్యూను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరుగారు ఎడమ చెయ్యి వైపే చాలాసేపు చూశారు. ఇది బతికుండగానే విరిగి అతుక్కున్నట్టుందే అన్నారు. అవునండీ అన్నాను. ఎముక చూసి అంత చెప్పగలదు సైన్సు అని అయ్యగారు గర్వంగా అందుకున్నారు. పాపం, ఆయన ఆ పందిరి వైపు వెళ్ళలేదు, పటం చూడలేదు.

"ఇది మీకు ఎక్కడిది?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు నా వైపు తిరిగి.

గుమ్మంలో ప్యూను నన్నే చూస్తున్నాడు. చూసిందే చెప్పాలని ఏడాదిగా ఆ గదిలో నేను పిల్లలకు చెబుతున్నాను.

"మద్రాసు నుంచి తెప్పించామండీ" అన్నాను.

ఆయన ఇంకేమీ అడగలేదు. రిజిస్టరులో సంతకం చేశారు, అనుమతికి సిఫారసు చేస్తున్నానన్నారు. గది దాటి పోతూ, అయ్యగారు అటు తిరిగినప్పుడు, బీరువా అద్దానికి రెండు వేళ్ళు ఆనించి కళ్ళకు అద్దుకున్నారు. ఆయనకు అర్థమైంది. చదువుకున్నవాళ్ళం ముగ్గురం ఆ గదిలో ఉన్నాం. ఒకాయన తెలిసి ఊరుకున్నారు, ఒకాయన తెలుసుకోకుండా జాగ్రత్తపడ్డారు, నేను అబద్ధమాడాను. ఆ అబద్ధం ప్యూను కోసమేనని అనుకున్నాను. తవ్వినవాడు ఆయనని తెలిస్తే వీధిలో వాళ్ళు బతకనిస్తారా? ఆయన్ను కాపాడానన్న తృప్తితో సాయంత్రం గది తాళం వేస్తూ, ఇంక భయపడొద్దని ఆయనతో అన్నాను.

"నాకేమి భయం ఐవోరూ. నేను మా వీధిలో చెప్పేసినాను గదా, గుడికి పునాది తవ్విన రోజే" అన్నాడు ప్యూను.

 గోతి దగ్గర జనం మొక్కుతుంటే చూడలేకపోయాడట. సామి ఇక్కడ లేడు, మా స్కూల్లో ఉన్నాడు, నేనే తవ్వినాను, మొక్కేవాళ్ళు అక్కడికి రండి అని అందరి ముందూ చెప్పేశాడట. ఎవరూ నమ్మలేదు. కొట్టనూ లేదు, తిట్టనూ లేదు. సామి మహిమను చెడగొట్టడానికి మిషన్ వాళ్ళు వీడికి దుడ్డిచ్చి చెప్పిస్తున్నారన్నారు. మరుసటి శనివారం భజనలో ఆయన్ను కూర్చోనివ్వలేదు. ఆయన చోట ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు.

"నేను అబద్ధాలోణ్ణి అంటా ఉండారు ఐవోరూ. ముప్పై ఏండ్లు వాయించినాను ఆ భజనలో. మీరొక్క తూరి వచ్చి చెప్పండి. నేను తవ్విందీ, సామి ఈడుండేదీ. మీరు సదివినోళ్ళు, మీరు చెప్తే నమ్ముతారు."

అనుమతి కాగితం రానీ అప్పా అన్నాను. కాగితం వచ్చింది. నా ఉద్యోగం ఖాయమైంది. ఈస్టరు అయిపోనీ, అయ్యగారు బాధపడతారు అన్నాను. ఈస్టరు అయిపోయింది, పాట కూడా బాగానే పాడాను. ఆ తర్వాత ఆయన మళ్ళీ అడగలేదు. తనపాటికి తాను పని చేసుకుపోయేవాడు. పిల్లలకు బీరువా తెరిచి చూపించేటప్పుడు సామి అనేవాడు, నేను నమూనా అనేవాణ్ణి. ఇద్దరం ఒకే కోతి గురించి మాట్లాడుతున్నామని పిల్లలకు తెలుసు.

తాళాలు మాత్రం ఆయన వదల్లేదు. శనివారం సాయంత్రాలు నేను ట్యూషన్లు ముగించుకుని ఆ వీధి మీదుగానే ఇంటికి వెళ్ళేవాణ్ణి. లోపల భజన జరుగుతుండేది. ఆయన వీధిలో, ఎదురింటి గోడ పక్కన, తాళాలు తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకుని నిలబడేవాడు. నన్ను చూసి దండం పెట్టేవాడు. నేను సైకిలు గంట కొట్టి, ఏదో తొందర ఉన్నట్టు తొక్కుకుంటూ వెళ్ళిపోయేవాణ్ణి. ఇలా ఆయన రిటైరయ్యేదాకా పదకొండేళ్ళు జరిగింది. అప్పటికి నన్ను ఆ ఉద్యోగంలోంచి తీసేయగలవాళ్ళెవరూ లేరు. అయ్యగారు కూడా లేరు.